హృదయలేఖనమున సంశయస్థానము



నేను వైద్యుడను గాను. ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నతపాఠశాలలో తెలుగు బోధించి పనినుండి విరమించినవాడను. లఘుకౌముదియు తర్కసంగ్రహమును వల్లించిన పండితునకు గుండెజబ్బుల గొడవ యెందులకని మీలో గొందరు నవ్వవచ్చును. నవ్వుటకు మీకు హక్కు కలదు. కాని “బార్డర్ లైన్” అను నొక యింగ్లీషు మాట నా జీవితమున రెండుమారులు ప్రవేశించినది. మొదటిమారు అది నన్ను తొమ్మిది రాత్రులు నిద్రపోనీయలేదు. రెండవమారు జరిగినది మరచుటకు వీలుగానిది. పిమ్మట నేను ఇద్దరు వైద్యులను విడువక యడిగి, వారు చెప్పినదానిని నోటుపుస్తకమున వ్రాసికొని, మరల వారికే చదివి వినిపించి దిద్దించుకొంటిని. నేడు మీకు చెప్పబోవునది ఆ పుస్తకములోనిది.

మూడేండ్ల క్రిందట నా కుడికంటి శుక్లమునకు శస్త్రచికిత్స నిశ్చయమయ్యెను. అంతకుముందు రక్తపరీక్షయు, గుండెకు ఇ.సి.జి.యు తీయించుకొని రమ్మనిరి. ఒక పరీక్షాకేంద్రమునకు బోతిని. బల్లపై పరుండబెట్టి, చేతులకు కాళ్ళకు పట్లు వేసి, రొమ్ముపై ఆరు బిళ్ళలంటించి, క్షణములో పని ముగించిరి. గళ్ళకాగితమొకటి బయటకు వచ్చెను. తీసిన కుర్రవాడు దానిని చూచి, “కొంచెము తేడాగా నున్నది మాస్టారూ, డాక్టరుగారికి చూపించండి” అనెను. కాగితము శిరోభాగమున యంత్రమే అచ్చువేసిన మాట “బార్డర్ లైన్ ఇ.సి.జి.” అని యుండెను.

ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో నుంచుకొంటిని. ఇంటిదానితో చెప్పలేదు. రాత్రి దీపమార్పిన పిదప రొమ్ముపై చేయి వేసికొని కొట్టుకొనుటను లెక్కించువాడను. మహాశయులారా, ఎవరైన నట్లు చెవియొగ్గి లెక్కించినచో ఒకటి రెండు తప్పిన దెబ్బలు దొరకకపోవు. దొరకినకొలదియు భయము, భయముకొలదియు దెబ్బల వడి పెరుగును. పదవనాడు ఒక వైద్యుని యొద్దకు బోయితిని.

ఆయన కాగితమును వెంటనే చూడలేదు. నాకది మొదట అవమానముగా తోచెను. మెట్లెక్కునపుడు ఆయాసము వచ్చునా, నడచునపుడు రొమ్ము పట్టినట్లుండునా, ఎన్నడైన స్మృతి తప్పినదా, తండ్రిగారు ఎన్నవయేట గతించిరి, ఎట్లు గతించిరి, ఏమి మాత్రలు వాడుచున్నారు అని పది నిమిషములు ప్రశ్నించెను. రక్తపుపోటు కొలిచెను. స్టెతస్కోపుతో ముందును వెనుకను వినెను. అప్పుడు కాగితము చేతికి దీసికొని, “పాత ఇ.సి.జి. ఏదైన నున్నదా?” అని యడిగెను. అదృష్టవశమున నుండెను. అంతకు ఏడేండ్ల ముందు హెర్నియా శస్త్రచికిత్సకై తీసినది ఇనుపపెట్టెలో పడియుండెను. మరునాడు తీసికొనిపోతిని. రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచి ఆయన నవ్వెను. “మాస్టారూ, ఏడేండ్లుగా మారని వంకర ఇది. మీ గుండెయొక్క దస్తూరి. కంటి శస్త్రచికిత్స చేయించుకొనుడు” అనెను.

ఇంతవరకు కథ సుఖాంతము. ఇక్కడనే ముగిసియుండినచో నేను ఈ మైకు ముందు కూర్చుండకపోదును.

మా పాఠశాలలోనే గణితము చెప్పిన మిత్రుడొకరు నాకుండెను. నాకంటె రెండేండ్లు చిన్న. ఊరిలో జరిగిన యొక ఉచిత వైద్యశిబిరములో ఆయనకును ఇ.సి.జి. తీసిరి. అదే మాట వచ్చినది. సాయంకాలము అరుగుమీద గూర్చుండి ఆ కాగితమును నాకు చూపెను. మాటలలో మాటగా, మంగళగిరి కొండమెట్లెక్కుచుండగా కన్నులు చీకట్లు క్రమ్మి కూర్చుండిపోతినని చెప్పెను. నేనేమంటిని? “నాకును అదే మాట వచ్చినది, చూపించుకొంటిని, ఏమియు లేదు. నీది ఎండదెబ్బ” అంటిని. ఆయన నామాట నమ్మెను. నలుబది సంవత్సరముల స్నేహము. ఏల నమ్మడు?

నాలుగు మాసములకు బస్సు నందుకొనవలెనని పరుగెత్తుచు స్టాండులో పడిపోయెను. పెద్ద ఆసుపత్రికి గొనిపోయిరి. గుండెనుండి దేహమునకు రక్తము వెడలు ద్వారముననున్న కవాటము గట్టిపడి ఇరుకై పోయినదని తేలెను. శస్త్రచికిత్సకు దినము నిశ్చయించిరి. ఆ దినము రాకముందే ఆయన పోయెను. పెద్దకర్మ నాడు ఆయన భార్య నాతో నన్నమాట: “అన్నయ్యగారూ, మీకును ఆ మాటయే వచ్చినదని చెప్పుకొని ఆయన ధైర్యముగా నుండిరి.” ఆమె నన్ను నిందించుటకు ఆ మాట అనలేదు. నన్నూరడించుటకే అన్నది.

తర్కశాస్త్రము చదివిన నాకు ఆ దోషము పేరు తెలియును. సవ్యభిచారహేతువు. సాధ్యమున్నచోటను, లేనిచోటను సమానముగా గనబడు గుర్తును హేతువుగా బట్టుకొని నిర్ణయము చేయుట. కాగితముపైని మాట జబ్బు లేని నా యందును గలదు, జబ్బున్న ఆయన యందును గలదు. ఆ మాటనుబట్టి “జబ్బు లేదు” అని నేను తేల్చితిని. తరగతిలో విద్యార్థి యిట్లు తేల్చియుండినచో బెంచి యెక్కించియుందును.

ఇక ఆ లేఖనమనగా నేమో చూతము. గుండె కొట్టుకొనునప్పుడెల్ల దానిలో స్వల్పమైన విద్యుత్తు పుట్టి ప్రసరించును. 1887లో లండనులో అగస్టస్ వాలర్ అను శాస్త్రజ్ఞుడు మానవ హృదయమునుండి దీనిని మొదట గుర్తించి వ్రాయగలిగెను. హాలెండు దేశమున లైడెన్ నగరమందు విలెమ్ ఐంథోవెన్ అను నాయన సన్నని తీగతో నొక సూక్ష్మయంత్రము నిర్మించి, ఇరువదవ శతాబ్దారంభమున దానిని వైద్యమునకు బనికివచ్చునట్లు చేసెను. దానికే 1924లో నోబెల్ బహుమానము. ఆ తొలియంత్రము గదిలో పెద్దభాగమాక్రమించునది. రోగి తన చేతులను కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలసియుండెను. తరంగములకు పి, క్యు, ఆర్, ఎస్, టి అని పేరులు పెట్టినదియు ఆయనయే. పై గదులు సంకోచించుటకు ముందు పి. క్రింది గదులు సంకోచించుటకు ముందు క్యు ఆర్ ఎస్. అవి మరల తేరుకొనునపుడు టి. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్లు జరుగును. ఒక చిన్నగడి 0.04 సెకను. పెద్దగడి 0.2 సెకను. అంటించినవి పది, కాని వానినుండి యంత్రము పండ్రెండు దృశ్యములు వ్రాయును. ఒక మూర్తిని పండ్రెండు దిక్కులనుండి చూచినట్లు.

ఇందు ప్రతిదానికి నొక హద్దు కలదు. విశ్రాంతిగా నున్నవాని గుండె నిమిషమునకు 60 మొదలు 100 వరకు కొట్టుకొనవలెననిరి. పి మొదలు క్యు వరకు గల కాలము 0.12 మొదలు 0.20 సెకను. క్యు ఆర్ ఎస్ వెడల్పు 0.12 సెకనుకు లోబడి యుండవలెను. ఈ హద్దులు ఎట్లు వచ్చినవి? ఆరోగ్యవంతులైన పెక్కుమందిని కొలిచి, అధికసంఖ్యాకులకు సరిపడు మేర నుంచుకొని, రెండు కొసలను విడిచి గీచినవి. కావున ఆరోగ్యవంతులలోను కొందరు హద్దుకావల పడియే తీరుదురు. ఉపాధ్యాయులకు ఇది తెలియని విషయము గాదు. ఉత్తీర్ణతకు 35 మార్కులు. 34 వచ్చిన బాలుడు మూఢుడని గాని, 36 వచ్చినవాడు పండితుడని గాని యెవడైన ననునా? 34 వచ్చినపుడు నేను ఆ సమాధానపత్రమును మరల తీసి చూచెడివాడను, అర్ధసంవత్సర పరీక్షలో వాని కెన్ని వచ్చినవో చూచెడివాడను, వానినే పిలిచి నోటితో రెండు ప్రశ్నలడిగెడివాడను. నా గుండె విషయమున ఆ వైద్యుడు చేసినదియు నదియే. యంత్రము చేయలేనిదియు నదియే. అది గీతను కొలుచును గాని మనిషి నెరుగదు.

సంశయమును గూర్చి మన శాస్త్రములలో నొక ప్రసిద్ధోదాహరణము కలదు. మునిమాపువేళ దూరమున నిలువుగా నొకటి కనబడును. మోడా? మనిషియా? నిలువుదనము రెండింటికిని సమానధర్మము. దూరమున నిలిచి యెంతసేపు తర్కించినను తేలదు. దగ్గరకు బోయి చూడవలెను. తొర్ర కనబడినచో మోడు, చేతులు కాళ్ళు కనబడినచో మనిషి. “బార్డర్ లైన్” అనగా నిలువుదనము మాత్రము కనబడినదని యర్థము.

మోడును మనిషిగా భ్రమింపజేయు కారణములు పెక్కు గలవు. కుడిచేతి తీగ యెడమచేతికి, ఎడమచేతిది కుడిచేతికి తగిలించినచో లేఖనమంతయు తారుమారగును. రొమ్ముపై బిళ్ళ ఒక ప్రక్కటెముక మీదుగా జరిగినను పాత గుండెపోటు గుర్తువలె గనబడవచ్చును. స్త్రీల విషయమున ఇది మరియు నెక్కువ. చలికి వణకినను, బిగిసికొనియున్నను గీత చెదరును. సన్ననివారి రొమ్ముపై తరంగములు పొడవుగా వచ్చును. నిత్యము పరుగెత్తువారికి, వ్యాయామశీలురకు గుండె 60కి లోబడి కొట్టుకొనుట వారి బలమునకు గుర్తు. యౌవనమున ఊపిరితో పాటు దెబ్బల వడి హెచ్చుతగ్గులగుట స్వాభావికము. ఇక వాంతులు విరేచనములైనపుడు, నీటిమాత్రలు వాడునపుడు రక్తమున పొటాషియము తగ్గి టి తరంగము చదునగును. ఇది మాత్రము భ్రమ గాదు, రక్తపరీక్ష చేయించి సరిచేయదగినది.

యంత్రము వ్రాయు మాటలలో “నాన్ స్పెసిఫిక్ టి వేవ్” అని యున్నచో, టి తరంగమున భేదము గలదు గాని అది దేనివలననో చెప్పజాలననుట. నాకు వచ్చినదది. కుడిశాఖలో అసంపూర్ణమైన అడ్డంకి యనునది పెక్కుమందికి హానిలేనిది. “పాత ఇన్‌ఫార్క్ట్ కాదని చెప్పలేము” అను మాట జనులను మిక్కిలి భయపెట్టును. అది “అవును” అనుట గాదు, “కాదనలేను” అనుట. ఈ రెండింటి భేదము వ్యాకరణము తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అయినను వైద్యుడు చూడవలసినదే. ఎడమశాఖలో పూర్తి యడ్డంకి క్రొత్తగా గనబడినచో అది సరిహద్దు సంగతి గాదు, పరీక్ష తప్పదు. క్యు టి అను కొలత పురుషులకు 450, స్త్రీలకు 460 మిల్లీసెకన్లు దాటినచో దీర్ఘమందురు. 500 దాటినచో ప్రమాదకరమైన లయభంగమునకు అవకాశము. కొన్ని యాంటీబయాటిక్ మాత్రలు, కొన్ని మనోవ్యాధుల మాత్రలు దీనిని పెంచును. కావున మాత్రల చీటిని దాచక వైద్యునికి చూపవలెను. నాటుమందులు వాడుచున్నను చెప్పవలెను. సిగ్గుపడి దాచినది మన చీటిలో లేకపోయినను గీతలో నుండును.

నా మిత్రుని కాగితమును తరువాత నేను వైద్యునికి చూపితిని. తరంగములు కొంచెము పొడవుగా నున్నవి. ఎడమగది గోడ దళసరి కావచ్చును, కాకపోవచ్చునని యంత్రము వ్రాసినది. కాగితముమాత్రము చూచినచో తానును తేల్చలేకపోయియుందునని వైద్యుడనెను. “కాని మెట్లెక్కుచు కన్నులు చీకట్లు క్రమ్మినవన్నచో ఆ దినమే స్టెతస్కోపు పెట్టి వినియుందును. అట్టి కవాటముయొక్క చప్పుడు తరచుగా చెవికి దొరకును. ఎకో తీయించియుందును.” రెండు కాగితములు, ఒకే మాట. నాకు లక్షణము లేదు, ఆయనకు గలదు. చేతులు కాళ్ళు కనబడుచునే యుండెను. నేను చూడలేదు.

కావున సంశయలేఖనము చేతికి వచ్చినపుడు ఆలస్యమునకు తావీయగూడని స్థితు లేవో చెప్పెదను. శ్రమపడునపుడు కన్నులు తిరుగుట, స్మృతి తప్పుట. నడచునపుడు రొమ్ము బరువెక్కి, నిలిచినచో తగ్గుట. మునుపు లేని యాయాసము, రాత్రి పరుండలేక లేచి కూర్చుండుట, కాళ్ళవాపు. గుండె దడదడలాడి తల తేలికయగుట. ఇంటిలో చిన్నవయసున నెవరైన హఠాత్తుగా మరణించియుండుట. పాత లేఖనముతో పోల్చగా మార్పు గనబడుట. మధుమేహము, రక్తపుపోటు, పొగత్రాగుడు గలవారు ఏ లక్షణము లేకున్నను కొద్ది దినములలో వైద్యుని చూడవలెను. ఇవి యేవియు లేనివారు తొందరపడ నక్కరలేదు. వైద్యుని చేత నొకమారు పరీక్షించుకొని, అవసరమైనచో మరల లేఖనము తీయించుకొన్న చాలును.

రొమ్ములో పిండినట్లు నొప్పి వచ్చి కొద్ది నిమిషములలో తగ్గక, చేతికో దవడకో వీపునకో ప్రాకి, చల్లని చెమట పట్టినచో, ఇ.సి.జి. తీయు కేంద్రమును వెదకుచు పోరాదు. 108కి ఫోను చేయవలెను. మన రాష్ట్రమున ఆ సేవ 2005లో మొదలైనది. మధుమేహము గలవారికి, వృద్ధులకు, స్త్రీలకు నొప్పియే లేక, ఆయాసము, వాంతి, విపరీతమైన నీరసము మాత్రమే రావచ్చును. మన యిండ్లలో దీనికి “గ్యాస్” అని పేరు పెట్టి, వాముపొడి యిచ్చి పరుండబెట్టుదురు. గుండెపోటు మొదటి గడియలలో లేఖనము సరిగానే వచ్చుటయు గలదు. కావుననే ఆసుపత్రిలో దానిని మరల మరల తీయుదురు. ట్రోపోనిన్ అను రక్తపరీక్షయు కొన్ని గంటల వ్యవధితో రెండుమారులు చేయుదురు. ఉదయము తీసిన “నార్మల్” కాగితము సాయంకాలపు నొప్పికి జవాబు గాదు.

తరువాతి పరీక్షలను గూర్చి నాలుగు మాటలు. ఎకో యనగా చెవికి వినబడని ధ్వనితో గుండెను చూచుట. స్వీడను దేశమున ఎడ్లర్, హెర్ట్జ్ అను నిద్దరు 1953లో దీనిని మొదలుపెట్టిరి. సూది లేదు, నొప్పి లేదు. కవాటములు తెరచుకొనుట, గోడల దళసరి, కండర బలము కన్నులకు గట్టినట్లు కనబడును. ట్రెడ్‌మిల్ యనునది కదలు పట్టాపై నడిపించి, మూడేసి నిమిషముల కొకమారు వేగమును ఏటవాలును పెంచి, గీతను చూచుట. 220 నుండి వయసును తీసివేసి, మిగిలినదానిలో నూటికి 85 వంతుల వరకు గుండె వడి పెరుగునట్లు చూతురు. ఇది వైద్యుడు దగ్గర నుండగా చేయవలసినది. నా మిత్రునివంటి కవాటరోగికి, లక్షణములున్నపుడు, ఇది చేయనే కూడదు; ప్రాణాపాయము. ముందు వినుట, పిదప ఎకో, తరువాతనే నడక. కాగితము పట్టుకొని నేరుగా పరీక్షాకేంద్రమునకు బోయి “ప్యాకేజి” కొనువారు ఈ క్రమమును గుర్తుంచుకొనవలెను. లక్షణములు లేని వయసువారికి ఊరక చేసినచో లేని జబ్బు ఉన్నట్లు చూపుటయు గలదు. అటుపిమ్మట ఆంజియోగ్రాము వరకు పోవు చింత, ఖర్చు.

దడ యప్పుడప్పుడు వచ్చిపోవువారికి హోల్టర్ అను యంత్రము. సాధారణ లేఖనము పది సెకన్లది. దినమునకు గుండె సుమారు లక్షమారులు కొట్టుకొనును. పది పండ్రెండు దెబ్బలు చూచి లక్షకు తీర్పు చెప్పుట కష్టము గదా. అమెరికాలో నార్మన్ హోల్టర్ అను నాయన తొలుత నిర్మించినది వీపున మోయు 38 కిలోల మూట. నేడది జేబులో పట్టును. ఇరువదినాలుగు గంటలు కట్టుకొని, ఎప్పుడు ఏమి తోచినదో కాగితముపై వ్రాసికొనవలెను. మా మనుమడు చేతిగడియారముతోనే ఇ.సి.జి. తీయవచ్చునని నాకు చూపెను. లయ తప్పుటను అది పట్టగలదు. గుండెపోటును పట్టజాలదు. ఆ భేదము వానికి చెప్పితిని. విన్నాడో లేదో తెలియదు.

ఇరుకైన కవాటమునకు మందుమాత్ర లేదు, మార్పుటయే మార్గము. 2002లో ఫ్రాన్సు దేశమున రొమ్ము తెరవకయే రక్తనాళము గుండా క్రొత్త కవాటమును పంపి అమర్చు విధానము మొదటిసారి చేసిరి. నేడది మన నగరములలోను జరుగుచున్నది. సకాలమున తెలిసినవారి కది.

చివరకొక చిన్నసంగతి. ఇ.సి.జి. కాగితము చాలవరకు వేడితో అచ్చుపడు జాతిది. ఎండకు, ఉక్కకు కొన్నియేండ్లలో వెలిసిపోవును. తీయించిన దినమే జిరాక్సు తీయించి, తేది వ్రాసి, ఇంటిలో ఒకచోట నుంచి, వైద్యుని యొద్దకు బోవునప్పుడెల్ల వెంటగొనిపోవలెను. నా హెర్నియా నాటి కాగితము ఇప్పటికే సగము చెరిగినది. మిగిలినదానికి జిరాక్సు తీయించితిని. మిత్రుని కాగితమును ఆయన భార్య నాకిచ్చియుండెను. దానికిని ఒక ప్రతి తీయించి నా పుస్తకమున అంటించుకొని, అసలుకాగితమును ఆమెకే తిరిగి యిచ్చితిని.